పేగు ముడి, వెంట్రుక మీద వేలు

చిక్కంతా కమాను పట్టుకోవడం దగ్గరే మొదలవుతుంది. చెల్లో వాయించే మనిషి కుడిచెయ్యి కమాను మీదికి పైనుంచి వాలుతుంది, అరచెయ్యి నేలకేసి చూస్తుంది. వియోలా ద గాంబా వాయించే మనిషి చెయ్యి కిందినుంచి వస్తుంది, అరచెయ్యి పైకి తిరిగి ఉంటుంది, గుళ్లో తీర్థానికి చాచినట్టు. దూరంనుంచి చూస్తే రెండు వాద్యాలూ అన్నదమ్ముల్లాగే ఉంటాయి. ఇద్దరూ కుర్చీలో కూర్చుంటారు, ఇద్దరూ వాద్యాన్ని కాళ్ల మధ్య నిలబెట్టుకుంటారు, ఇద్దరి చేతిలోనూ గుర్రపు వెంట్రుకల కమానే. దగ్గరికి వెళ్తే తెలుస్తుంది, ఒకరికి వచ్చిన విద్యలో సగం రెండోవారికి పనికిరాదని. పనికిరాకపోతే పోయె, అడ్డం కూడా వస్తుంది.

ఆ అడ్డం సంగతి తెలిసే జోర్డి సవాల్ అనే విద్వాంసుడు చెల్లో నుంచి గాంబాకు దూకారు. 1941లో కాటలోనియాలో, బార్సిలోనాకు దగ్గర్లో ఉన్న ఇగ్వలాదా అనే ఊళ్లో పుట్టారాయన. చిన్నప్పుడు బడి బృందంలో పాడారు. బార్సిలోనా కన్సర్వేటరీలో 1965 దాకా చెల్లో చదివారు. చెల్లో చేతికొచ్చిన కుర్రాడికి ముందున్న దారి తెలిసిందే: ఆర్కెస్ట్రాలో ఒక కుర్చీ, లేదంటే నలుగురికి పాఠాలు చెప్పుకోవడం. ఆయన మాత్రం ఎవరూ నేర్పేవాళ్లు లేని గాంబాను తనంతట తనే సాధన చేయడం మొదలుపెట్టారు. బార్సిలోనాలో పాత సంగీతం వాయించే ఆర్స్ మ్యూజికే అనే బృందంతో కలిశారు. ఆ బృందంలోనే పాడుతుండిన మొంత్‌సెర్రాత్ ఫిగేరాస్‌ను 1968లో పెళ్లాడారు. ఆ ఏడే ఇద్దరూ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ చేరారు, మళ్లీ విద్యార్థులై. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు.

వాళ్లు వెళ్లింది స్కోలా కాంటోరమ్ బసిలియెన్సిస్ అనే విద్యాలయానికి. 1933లో పాల్ సాఖర్ అనే సంగీత నిర్వాహకుడు మరికొందరితో కలిసి దాన్ని పెట్టాడు. పాత సంగీతాన్ని అది పుట్టిన కాలపు వాద్యాల మీద, ఆ కాలపు పద్ధతిలో ఎలా వాయించాలో వెతకడం, వెతికింది నేర్పడం అక్కడి పని. పరిశోధన, పాఠం రెండూ ఒకే కప్పు కింద. పాత సంగీతమంటే అక్కడివాళ్ల లెక్క మధ్యయుగాల నుంచే మొదలవుతుంది. గాంబా నేర్పేది ఆగుస్ట్ వెంట్సింగర్, విద్యాలయం మొదలైన ఏడాది నుంచీ ఆయనే. ఆయన కూడా చెల్లో నేర్చినవాడే. తను దాటిన గోడే శిష్యుడూ దాటాలని వచ్చాడంటే గురువుకు ఎక్కడ కాలు జారుతుందో ముందే తెలిసి ఉంటుంది.

మనవాళ్లకు ఈ చదువులోని చిత్రం వెంటనే పట్టుబడదు. మనకు సంగీతమంటే ఎదురుగా కూర్చున్న గురువు, ఆయనకు ఆయన గురువు, అలా వెనక్కి వెళ్తే గొలుసు ఎక్కడా తెగదు. గాంబాకు ఆ గొలుసు తెగిపోయింది. చివరి పెద్ద గాంబా విద్వాంసుడిగా చెప్పుకునే కార్ల్ ఫ్రీడ్రిష్ ఆబెల్ 1787లో లండన్‌లో చనిపోయాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా దాన్ని పట్టించుకున్నవాళ్లు అరుదు. చాలా గాంబాలకు మెడ మార్చి, నాలుగు తీగలు బిగించి చెల్లోలుగా తిప్పుకున్నారు. మిగిలినవి మ్యూజియం అద్దాల వెనక్కి చేరాయి. కాబట్టి 20వ శతాబ్దంలో గాంబా నేర్చుకోబోయిన మనిషికి దిక్కు మూడే: పాత పుస్తకాలు, పాత స్వరలిపి, ఆ వాద్యం. ఈ మూడింట్లో నా మొగ్గు వాద్యం వైపే. పుస్తకం దాచిపెట్టగలదు, పొరబడగలదు. చెక్క, పేగు, వెంట్రుక మాత్రం తప్పుగా ముట్టుకుంటే అప్పటికప్పుడే చెప్పేస్తాయి.

వాద్యాన్నే ముందు చూద్దాం. గాంబా అంటే ఇటాలియన్‌లో కాలు. చెల్లో అడుగున నేలకు ఆన్చే ఇనప ముల్లుంటుంది, గాంబాకు అదేమీ లేదు. వాయించే మనిషి రెండు పిక్కల మధ్య పట్టి నిలబెట్టాల్సిందే. భుజాలు చెల్లోకున్నట్టు గుండ్రంగా పొంగి ఉండవు, మెడ దగ్గర్నుంచి ఏటవాలుగా జారతాయి. వీపు పలక చదును, పైభాగంలో మాత్రం మెడవైపుకు ఒక్క మడత. ముందు పలక మీద చెల్లోకున్న ఎఫ్ ఆకారపు రంధ్రాల చోట సి ఆకారపువి. మెడ కొసన చుట్ట తిరిగిన కొమ్ముకు బదులు చాలా వాద్యాలకు చెక్కిన తల ఉంటుంది, మనిషిదో సింహానిదో. మన వీణ యాళి ముఖం గుర్తొస్తుంది.

పలకలు పలచన, వాద్యం మొత్తం కనిపించేదానికంటే తేలిక. 17వ శతాబ్దపు ఇంగ్లండులో చాలామంది పనివాళ్లు ముందు పలకను మందపాటి దిమ్మనుంచి చెక్కలేదు. సన్నని బద్దలను, ఐదో ఏడో, వేడిమీద వంచి పక్కపక్కన అతికి ఆ ఉబ్బు తెచ్చారు. చెక్కితే చెట్టు పోగులు మధ్యలో తెగుతాయి. వంచితే పోగు ఆ కొసనుంచి ఈ కొసదాకా తెగకుండా వంపుతోపాటే పోతుంది, అందుకే పలక పలచగా ఉన్నా బిగువుగా ఉంటుంది. చదును వీపుకు ఇంకో ఇబ్బంది ఉంది. ముందు పలకకూ వెనక పలకకూ మధ్య లోపల ఒక చిన్న కర్రముక్క నిలబడి ఉంటుంది, తీగల ఒత్తిడిని వెనక్కి మోసేది అదే. వంపు తిరిగిన చెల్లో వీపు ఆ కర్ర మొనను తట్టుకుంటుంది. గాంబా చదును పలక తట్టుకోలేదు, లోపలికి గుంట పడుతుంది. అందుకని ఆ కర్ర కింద ఒక వెడల్పాటి చెక్కబిళ్ల అంటిస్తారు, గుంజ కింద రాయి వేసినట్టు.

తీగలు ఆరు, ఫ్రెంచి వాద్యాలకు ఏడు. చెల్లోకు నాలుగే, ఒక్కోటీ కింది తీగకు పంచమంలో ఉంటుంది. గాంబాలో ఒక్కో తీగా కింది తీగకు మధ్యమంలో ఉంటుంది, సరిగ్గా నడుమనున్న జతకు మాత్రం గాంధారం. వాళ్ల పేర్లలో చెబితే కిందినుంచి డి, జి, సి, ఇ, ఎ, డి. ఇది వీణలాగా మీటి వాయించే ల్యూట్ శ్రుతి వరస. దీని వెనక చరిత్ర ఉంది. గాంబా 15వ శతాబ్దం చివర్లో స్పెయిన్ తూర్పు తీరంలో, వలెన్సియా ప్రాంతంలో, మీటి వాయించే విహువేలా అనే వాద్యానికి కమాను తగిలించగా పుట్టిందని పండితుల్లో బలమైన అభిప్రాయం. అంటే సవాల్ బాసెల్ దాకా వెళ్లి నేర్చుకున్న వాద్యం పుట్టిల్లు ఆయన పుట్టిన ఊరికి పెద్ద దూరమేమీ కాదు.

మీటే వాద్యంనుంచి వచ్చింది కాబట్టే దీనికి మెట్లున్నాయి. మన వీణ మెట్లు ఇత్తడివి. మైనంలో కూర్చి, తయారుచేసినాయన శ్రుతి చూసి స్థిరపరిచాక వాయించేవాళ్లు వాటి జోలికి పోరు. గాంబా మెట్లు గొర్రె పేగుతో పేనిన తీగ ముక్కలు. మెడ చుట్టూ కట్టినవి, మొత్తం ఏడు, వాటిని జరపొచ్చు. ఒక్కో మెట్టూ కట్టడం చూడముచ్చటైన పని. మిల్లీమీటరు అటూ ఇటూ మందమున్న పేగును మెడ చుట్టూ రెండు వరసలు తిప్పుతారు. అంచున, తీగలకు ఎడంగా, ముడి వేస్తారు. కొసలు కొంచెం వదిలి కోసి నిప్పు అంటిస్తారు. పేగు కొస కమిలి చిన్న పూసలా గట్టిపడుతుంది, ఇక ముడిలోంచి జారదు. ఎంత లాగి కట్టినా ముడి దగ్గర కాస్త వదులు మిగులుతుంది. ఆ వదులు తీసేది వేళ్లు కావు, మెడే. గాంబా మెడ తలవైపు సన్నం, కిందికి వచ్చేకొద్దీ లావు. అందుకని మెట్టును దాని చోటికంటే కాస్త పైన, సన్నని చోట కడతారు. తర్వాత కిందికి, లావున్న చోటికి నెట్టుకొస్తారు. నెట్టేకొద్దీ బిగుస్తుంది. తలవైపు మెట్లకు లావు పేగు, కింది మెట్లకు సన్నది, లేకపోతే పైమెట్టు మీద నొక్కిన తీగ కిందిమెట్టుకు తగిలి చిటపటలాడుతుంది.

కమానుతో వాయించే వాద్యానికి మెట్లెందుకని అడగొచ్చు. వయొలిన్‌కు అక్కర్లేదుగా? వయొలిన్ మీద తీగ ఆగేది వేలి మెత్తన మీద. ఆ మెత్తన ధ్వనిలో కొంత మింగేస్తుంది. గాంబాలో వేలు మెట్టు వెనకే నొక్కుతుంది, తీగ ఆగేది పేగు అంచుమీద. కాబట్టి వేలు పెట్టిన స్వరమూ వేలు పెట్టని తీగలాగే మోగుతుంది. కమాను ఎత్తేశాక కూడా మోగుతూనే ఉంటుంది. ఫ్రెంచివాళ్లు దీనిమీద ఒక నియమమే కట్టారు: ఆ వేలే ఇంకో స్వరానికి అవసరమైతే తప్ప, పెట్టిన వేలు తియ్యొద్దు. అలా నొక్కి ఉంచినచోటల్లా పాత స్వరం కొత్త స్వరం కింద కొనసాగుతుంది. ఒక్క వాద్యం ఇద్దరు ముగ్గురు వాయిస్తున్నట్టు వినిపించడం వెనకున్న రహస్యం ఇదే. చెల్లో చేతికి ఇది కొత్త. అక్కడ పని అయిపోయిన వేలు లేస్తుంది, ఇక్కడ లేవకూడదు.

ఇక మెట్లు జరిపే సంగతి. షడ్జం నుంచి పై షడ్జం దాకా ఉన్న దూరాన్ని 1200 సెంట్లుగా లెక్కవేస్తారు. హార్మోనియం మీద అంతర గాంధారం 400 సెంట్ల దగ్గర ఉంటుంది. తంబురా మంద్ర తీగ మీటినప్పుడు అందులోంచి తనంతట తనే లేచే స్వయంభూ గాంధారం ఉంది చూశారా, అది 386 దగ్గర. ఆ 14 సెంట్ల తేడా తంబురా దగ్గర పెరిగిన చెవికి బాగా తెలుసు. 16, 17 శతాబ్దాల యూరప్ చెవికీ ఆ స్వచ్ఛమైన గాంధారమే ఇష్టం. దానికోసం వాళ్లు శ్రుతిని సర్దిన పద్ధతిలో అరస్వరాలన్నీ ఒకే కొలతలో ఉండవు, పెద్దవి, చిన్నవి అని రెండు రకాలవుతాయి. ఆ పద్ధతి మరీ కచ్చితంగా పాటిస్తే పెద్దది 117 సెంట్లు, చిన్నది 76.

ఇప్పుడు మొదటి మెట్టు చూడండి. ఆరు తీగల కిందా అడ్డంగా పోయే ఒకే పేగు. డి తీగ మీద అది ఇ-ఫ్లాట్ పలకాలి, ఇ తీగ మీద ఎఫ్ పలకాలి. రెండూ పెద్ద అరస్వరాలే. సి తీగ మీద అదే మెట్టు సి-షార్ప్ పలకాలి, అది చిన్నది. తీగ పొడవు 70 సెంటీమీటర్లనుకుంటే పెద్ద అరస్వరానికి మెట్టు పైనుంచి నాలుగున్నర సెంటీమీటర్ల దగ్గర ఉండాలి, చిన్నదానికి మూడు దగ్గర. ఒకే మెట్టు రెండు చోట్ల ఉండాలి! ఇక్కడే చుట్టిన ఆ రెండు వరసల పేగు అక్కరకొస్తుంది. ఆ రెండు వరసలనూ కాస్త ఎడం చేసి, తీగను బట్టి దీని వెనకో దాని వెనకో వేలు పెట్టేవాళ్లున్నారు. ఆ ఒక్క తీగ కింద మాత్రం చిటికెనగోరంత మెట్టుముక్క వేరే అంటించుకునేవాళ్లూ ఉన్నారు. ఎక్కువమంది నడుమ ఎక్కడో రాజీపడి, ఆ రోజు వాయించే రచనలో ఏ స్వరం ఎక్కువ వస్తుందో చూసుకుని మెట్టును అటు జరుపుతారు. అంటే ఈ విద్యార్థి వీణ వాయించేవాడి పనీ వీణ చేసేవాడి పనీ రెండూ నేర్చుకోవాలి.

తీగలు కూడా పేగులే. మందపు తీగల దగ్గర ఆ కాలపు పనివాళ్లకు పెద్ద చిక్కొచ్చింది. స్వరం కిందికి దిగాలంటే తీగ బరువెక్కాలి. పేగును లావు చేస్తే బరువుతోపాటు బిరుసుదనమూ వస్తుంది, తాడులా మొద్దుగా మోగుతుంది. దానికి 1660ల నాటికి ఉపాయం దొరికింది: పేగును సన్నగానే ఉంచి దానిమీద లోహపు తీగ దగ్గర దగ్గరగా చుట్టడం. బరువు చుట్టునుంచి వస్తుంది, వంగే గుణం లోపలి పేగునుంచి వస్తుంది. 1664లో లండన్ ప్రచురణకర్త జాన్ ప్లేఫోర్డ్ పుస్తకంలో ఇలాంటి తీగల ప్రకటన ఉంది. ఫ్రాన్స్‌లో వెండి చుట్టిన తీగలనూ, వాటి ధైర్యంతో అడుగున ఏడో తీగనూ తెచ్చింది సాంత్ కొలోంబ్ అనే విద్వాంసుడని జాఁ రూసో 1687లో రాశాడు. ఈ రూసో తత్త్వవేత్త కాదు, గాంబా మీద గ్రంథం రాసిన సంగీతజ్ఞుడు.

మళ్లీ కమాను దగ్గరికి వద్దాం. నాకు ఈ విద్య మొత్తంలో అన్నిటికంటే ముచ్చటేసేది ఒక్క వేలు. చెల్లో కమానులో వెంట్రుకల బిగువు ముందే మర తిప్పి ఖరారు చేస్తారు. వాయిస్తున్నంతసేపూ అది అంతే. గాంబా కమానులో బొటనవేలూ చూపుడువేలూ కర్రను పట్టుకుంటాయి, మధ్యవేలి కొస లోపలివైపు వెంట్రుకల మీద ఉంటుంది. సింప్సన్ అనే ఇంగ్లిష్ విద్వాంసుడు 1659లో అచ్చువేసిన గ్రంథంలో కూడా ఈ పట్టే చెబుతాడు. ఆ వేలు వెంట్రుకలను నొక్కితే బిగుస్తాయి, వదిలితే సడలుతాయి. బిగువు మరలో లేదు, వేలి కొసన ఉంది. ఒకే స్వరం మొదలవుతుండగా ఒకలా, నడుమ ఒకలా, చివర ఒకలా మార్చుకోవచ్చు. కర్ర కూడా ఆ పనికి తగ్గట్టే వంగి ఉంటుంది. ఈనాటి వయొలిన్ కమాను కర్ర వెంట్రుకలవైపు లోపలికి వంగితే, ఇది విల్లులా బయటికి వంగుతుంది.

చెయ్యి తిరగబడింది కాబట్టి బలమూ తిరగబడింది. చెల్లోలో బలమైన దెబ్బ లాగుడు: చెయ్యి తీగల దగ్గర మొదలై దూరం పోతుంది, చేతి బరువు కమానుమీద పడుతుంది. గాంబాలో బలమైనది తోపు: చెయ్యి దూరాన మొదలై తీగలవైపు వస్తుంది. తాళంలో బరువున్న చోటల్లా చెల్లోవాడు లాగేవాడు, ఇప్పుడు తొయ్యాలి. కుడిచేత్తో తినే మనిషిని ఎడంచేత్తో తినమన్నట్టే. వాయించగలడు, ఆలోచించకుండా వాయించలేడు. ఆలోచించకుండా వాయించడం మళ్లీ వచ్చేదాకా ఎన్ని నెలలు పడుతుందో ఎవరి ఓపిక వారిది.

తోపు మొదలయ్యే క్షణం కూడా చూడదగ్గది. వేలు ముందు వెంట్రుకలను తీగకు అదిమి పట్టుకుంటుంది, ఇంకా ధ్వని లేదు. తర్వాత పట్టు చటుక్కున సడలుతుంది, కమాను కదులుతుంది. స్వరం మీటినట్టు స్పష్టంగా పుడుతుంది, ఆపైన కమాను దాన్ని ఊదినట్టు పెంచుతుంది. మాటలో హల్లు తర్వాత అచ్చు వచ్చినట్టు. మీటే వాద్యపు పుట్టుకను గాంబా మర్చిపోలేదనడానికి మెట్ల తర్వాత ఇది రెండో సాక్ష్యం.

ఇక కాగితం. సవాల్ పేరుతో గట్టిగా ముడిపడిన స్వరకర్త మరాఁ మరే. 1656లో పారిస్‌లో చెప్పులు కుట్టే కుటుంబంలో పుట్టి, 14వ లూయీ కొలువులో గాంబా విద్వాంసుడైనవాడు. 1686 నుంచి 1725 దాకా ఐదు గాంబా గ్రంథాలు అచ్చువేశాడు, మొత్తం దాదాపు 600 రచనలు. వాటి పుటలు చూస్తే ముందు భయమేస్తుంది. స్వరాల చుట్టూ చీమలు పట్టినట్టు గుర్తులు. కమాను తొయ్యమని ఒక అక్షరం, లాగమని ఒకటి, ఏ వేలో చెప్పే అంకె, వేలు తియ్యకుండా పట్టి ఉంచమని గీత. స్వరం పక్కన కామా ఉంటే పై స్వరంతో కలిపి వణికించాలి, ఇంటూ గుర్తుంటే కింది స్వరంతో తాకించాలి. 1711 నాటి మూడో గ్రంథంలో ఇంకో అక్షరం చేరింది, ‘ఇ’. అది ఉన్నచోట కమానును ఉబ్బించాలి. మధ్యవేలు వెంట్రుకల మీద చేసే పని అక్షరంగా మారి కాగితం ఎక్కిందన్నమాట.

ఆ గుర్తుల్లో రెండు నాకు బాగా నచ్చుతాయి, రెండూ అలల గీతలే. అడ్డంగా అల ఉంటే ఒక వేలు తీగను నొక్కి ఉండగా దాని పక్కవేలు ఆనీ ఆనకుండా తీగను తడుతూ ఉండాలి. స్వరం సన్నగా కంపిస్తుంది. నిలువుగా అల ఉంటే నొక్కిన వేలే ఊగాలి. దానికి పేరు ప్లేంత్, మూలుగు. రెండు గుర్తులెందుకు? చిటికెనవేలితో నొక్కిన స్వరానికి పక్కన తట్టడానికి ఇంకో వేలు లేదు కదా! అక్కడ ఊపు తప్ప గతిలేదు. చేతికి ఐదో వేలు తక్కువైనందుకు పుట్టిన ఆ ఊపుకు మరే దుఃఖం పేరు పెట్టాడు. వేళ్ల కొరతను రసంగా మార్చుకున్న పనితనం అది. మరో సంగతి: ఇవన్నీ రాసిన చోటే చెయ్యాలి. స్వరం స్వరానికీ అలవాటుగా చెయ్యి ఊపే ఈనాటి చెల్లో పద్ధతి ఇక్కడ ఉప్పు రెండుసార్లు వేసిన కూర.

ఇంత కచ్చితంగా రాసిన పుట కూడా ఒక ముఖ్యమైన సంగతి చెప్పదు. ఫ్రెంచి సంగీతంలో వరసగా, సమానంగా రాసిన చిన్న స్వరాలను సమానంగా వాయించరు. మొదటిది కాస్త సాగుతుంది, రెండోది కాస్త కురచవుతుంది. ఎంత సాగాలన్నది ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు కాబట్టి. మనకిది వింతేమీ కాదు. స్వరలిపి పుస్తకంలో తోడి గాంధారం ‘గ’ అనే ఒక్క అక్షరమే. దాన్ని అచ్చులో చూసి పాడబోయినవాడు తోడి పాడలేడు. తేడా ఏమిటంటే మనకు తోడి చెప్పే మనిషి ఎదురుగా ఉన్నాడు. బాసెల్ విద్యార్థి ఆ మనిషిని రూసో గ్రంథంలో ఒక వాక్యం, ఇంకెవరి ముందుమాటలోనో ఇంకో వాక్యం ఏరి తయారుచేసుకోవాలి. అందుకే అక్కడ పాత అచ్చు పుటల ఛాయాచిత్రాలనుంచే చదవడం అలవాటు చేస్తారు. కొత్త సంపాదకులు శుభ్రం చేసి అచ్చువేసిన ప్రతుల్లో ఒక్కోసారి పోయేవి ఆ చీమలే.

రాయనిదాన్ని పూరించడం మాత్రమే కాదు, ఉన్నదాన్ని అల్లుకుపోవడమూ పాఠమే. 1553లో రోమ్‌లో అచ్చయిన దియేగో ఓర్తీజ్ గ్రంథం అంతా ఇదే. ఒకే ముగింపు స్వరాలు తీసుకుని వాటిని ఇలా నింపొచ్చు, అలా నింపొచ్చు అని వరసగా చూపిస్తాడు. ఒక సాదా పంక్తికి సంగతి మీద సంగతి వేయడం తెలిసినవాళ్లకు ఆ పుటలు కొత్తగా అనిపించవు. సింప్సన్ గ్రంథం ఇంగ్లిష్‌లో అదే విద్య చెబుతుంది. మరే రెండో గ్రంథంలో, 1701లో, ఫోలియా అనే పాత వరస మీద 32 మార్పులు రాశాడు. అవి వరసగా వాయిస్తుంటే చేతికి తెలిసిన ప్రతి పనీ ఒకసారి బయటికొస్తుంది: తీగల మీద అడ్డంగా పరిగెత్తే కమాను, పట్టి ఉంచిన వేళ్ల కింద మోగే మంద్రం, ఉబ్బి తగ్గే పొడవాటి స్వరాలు, మీటినట్టు పడే పొడి దెబ్బలు. ఇదే మరే 1725లో మూత్రాశయంలో రాయి తీసే శస్త్రచికిత్సను కూడా గాంబాకు రాశాడు, ఏ క్షణాన ఏం జరుగుతోందో స్వరాలతోపాటే మాటల్లో అచ్చువేయించి. మత్తుమందు లేని రోజులు. తీగలు ఒక్కసారిగా పైకెక్కి జారిపోయేచోట మాటలు చదవకపోవడమే మేలు.

వెంట్సింగర్ తర్వాత ఆయన స్థానంలో గాంబా నేర్పడానికి సవాల్‌నే తీసుకున్నారు. 1974లో సవాల్, ఫిగేరాస్ మరో ఇద్దరితో కలిసి హెస్పెరియన్ అనే బృందం పెట్టారు. 1991లో ఆలాఁ కోర్నో తీసిన ఫ్రెంచి సినిమా ‘తూ లే మాతాఁ ద్యు మోంద్’ మరే, సాంత్ కొలోంబ్‌ల కథ. తెరమీద నటులు కమాను పట్టుకుంటారు, వినిపించేది సవాల్ గాంబా. అప్పటిదాకా ఆ వాద్యం పేరు కూడా వినని లక్షలమంది ఇళ్లలోకి అది వెళ్లింది. ఆ కథకు మూలం 1732లో తీతోఁ ద్యు తియే రాసిన ఒక ముచ్చట. సాంత్ కొలోంబ్ తోటలో మల్బరీ చెట్టు కొమ్మల్లో చిన్న పలకల గది కట్టించుకుని అక్కడ సాధన చేసేవాడట. ఆరు నెలలు నేర్పాక, శిష్యుడు తనను మించిపోతాడని తెలిసి పాఠాలు ఆపేశాడట. మరే ఆ గది కిందికి దొంగచాటుగా చేరి, గురువు కమాను పనులు వినేవాడట. నిజమో కాదో గానీ, చెట్టు కింద నిలబడినవాడికి పైన ఉన్న చెయ్యి కనిపించదు. వినపడినదాన్ని బట్టి ఏ వేలు ఏం చేసిందో ఊహించుకోవాలి. మూడు వందల ఏళ్ల తర్వాత బాసెల్‌లో పాత పుటల ముందు కూర్చున్న కుర్రవాళ్లు చేసిందీ అదే పని.

సవాల్ చాలా కచేరీల్లో వాయించే గాంబా 1697లో లండన్‌లో బరాక్ నార్మన్ చేసినది. చెక్క ఆనాటిదే. పేగు మెట్లు మాత్రం ఏ వాద్యానికీ ఎంతోకాలం రావు. తీగ ఒత్తుకున్న చోట నొక్కులు పడతాయి, నొక్కులో తీగ బుర్రుమంటుంది. అప్పుడు పాతది కోసేసి, కొత్త పేగు రెండు వరసలు చుట్టి, ముడి వేసి, కొసకు నిప్పు అంటించి, కిందికి నెట్టాలి. గాంబా కచేరీకి ఎప్పుడైనా వెళ్తే మొదటి రచనకు ముందు ఎడమచేతి బొటనవేలు చూడండి. తీగలన్నీ శ్రుతి అయ్యాక కూడా అది మెడ అంచున ఒక మెట్టును పట్టుకుని వెంట్రుకవాసి కిందికి జరుపుతుంది. కమాను ఆ స్వరాన్ని ఒకసారి తాకుతుంది. వేలు మళ్లీ కాస్త పైకి నెడుతుంది.